ఎడారి రంగుల జాకెట్: అపోహలు - వాస్తవాలు

నాది సహజ రంగుల అద్దకం పని. గుజరాత్‌లోని కచ్ వెళ్లొచ్చాక చేత్తో రంగేసిన జాకెట్లు కుట్టిస్తున్నాను. రవికలు కాదు, చొక్కా మీద వేసుకునే పొట్టి కోట్లు. వాటి గురించి తరచూ వినే మాటలకు జవాబులివి.

అపోహ: ఎడారి జాకెట్ అంటే ఇసుక రంగే.

రణ్‌లో, అంటే కచ్ ఉప్పు ఎడారిలో, కళ్లు చెదరగొట్టేది ఉప్పు తెలుపు. ఊళ్లలోకి వెళ్తే అజ్రఖ్ అనే అచ్చు అద్దకపు బట్టల నీలం, ఎరుపు, పశువుల కాపరులైన రబారీ ఆడవాళ్ల నల్లటి ఉన్ని. నా మొదటి జాకెట్ ఇసుక రంగులోనే చేశాను. నేలను చూసి అక్కడి మనుషుల్ని వదిలేశానని తర్వాత అర్థమైంది.

అపోహ: ఉప్పు, వెనిగర్ వేస్తే రంగు నిలుస్తుంది.

నూలుకు కావలసింది కరక్కాయ, పటిక. బట్టను ఉడికించి గంజి, నూనె వదలగొట్టి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టి, ఆ తర్వాత పటిక పెట్టాలి. అప్పుడే మంజిష్ఠ వేరు రంగు ఎర్రగా పట్టుకుంటుంది. మన శ్రీకాళహస్తి కలంకారీలోనూ మొదటి పని కరక్కాయ, పాలు పట్టించడమే.

నీలిమందుకు ఇవేవీ అక్కర్లేదు. అది మామూలు నీళ్లలో కరగదు, తొట్టి పులిశాకే నూలులోకి దిగుతుంది. బయటికి తీసినప్పుడు పసుపుపచ్చగా ఉన్న బట్ట గాలి తగిలేకొద్దీ నీలమవుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణం కొత్తే. ముదురు నీలం కావాలంటే గంటలకొద్దీ నానబెట్టకండి. ముంచాలి, గాలికి పట్టాలి, మళ్లీ ముంచాలి.

అపోహ: దినుసులు, కొలతలు ఒకటే అయితే రంగూ ఒకటే.

నీళ్లను మరిచిపోతున్నారు. కచ్‌లోని ధమడ్కా అజ్రఖ్‌కు పేరున్న ఊరు. 2001 జనవరి 26 భూకంపం తర్వాత అక్కడి నీళ్లలో ఇనుము పెరిగి అద్దకానికి పనికిరాకుండా పోయాయి. అద్దకం పని చేసే ఖత్రీ కుటుంబాలు చాలా భుజ్ దగ్గర కొత్త ఊరు కట్టుకున్నాయి. అదే అజ్రఖ్‌పూర్. నీళ్ల కోసం ఊరే మారారు! ఆ సంగతి విన్నాకే నా పొరపాటు తెలిసింది. మా బోరు నీళ్లలో దానిమ్మ తొక్క పసుపు రావాల్సింది, బూడిద కలిసిన ఆకుపచ్చగా తేలింది. ఇప్పుడు వాననీళ్లు పట్టి దాస్తున్నాను.

అపోహ: కుట్టిన తెల్ల జాకెట్ కొని ముంచితే సరిపోతుంది.

కుట్టుదారం పాలిస్టర్ అయితే రంగు పట్టదు, కుట్లన్నీ తెల్లగా బయటపడతాయి. ఇనుప గుండీ ఉంటే కరక్కాయ తగిలి చుట్టూ నల్ల మచ్చ. అందుకే ముందు బట్టకు రంగేసి, కాటన్ దారంతో కుట్టించి, కొబ్బరి చిప్ప గుండీలు పెడతాను.

అపోహ: సహజ రంగులన్నీ వెలిసిపోతాయి.

పసుపు కొమ్ము రంగు ఎండకు పోతుంది, నిజమే. సరిగ్గా పట్టించిన నీలి, మంజిష్ఠ ఏళ్ల తరబడి ఉంటాయి. కొత్తలో చేతికి అంటే నీలం పైపైన మిగిలిన పొడి, కంగారు పడకండి. మొదటి నాలుగైదు ఉతుకులు విడిగా, చన్నీళ్లలో కుంకుడు రసంతో ఉతికి, తిరగేసి నీడలో ఆరేయండి.