ఆ కబురు తెలిసినప్పుడు మీరెక్కడున్నారు? ఒక ప్రశ్న వెనుక చరిత్ర

దేశమంతటినీ కుదిపేసిన విషాదం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా, ఆ కబురు తెలిసిన క్షణంలో తామెక్కడున్నారో, ఏం చేస్తున్నారో, ఎవరు చెప్పగా విన్నారో తలచుకోని వారు అరుదు. "నిన్న జరిగినట్టే ఉంది" అన్న మాట దాని వెంటే వస్తుంది. ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చునన్న విచారణకు నూట ఇరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ 1865 ఏప్రిల్‌లో హత్యకు గురయ్యారు. ఆ వార్త విన్నప్పుడు ఎక్కడున్నారని ఎఫ్. డబ్ల్యూ. కోల్‌గ్రోవ్ అనే పరిశోధకుడు 179 మందిని అడిగి, వచ్చిన జవాబులను 1899లో ప్రచురించారు. మూడు దశాబ్దాలు దాటినా 127 మంది వివరంగా చెప్పగలిగారు. చదువు ముగింపు వేడుకకు కావలసినవి కొనడానికి తండ్రితో కలిసి బయలుదేరి, ఏటవాలు దారిలో పట్టణంలోకి దిగుతుండగా అందరి ముఖాల్లో విచారం చూసి, జరగరానిదేదో జరిగిందని గ్రహించామని ఒకరు తెలిపారు. ఆ జవాబుల్లో ఏది నిజమో సరిచూసుకునే మార్గం మాత్రం లేదు, ఎందుకంటే 1865లో ఎవరేం చెప్పారో అప్పుడే రాసి పెట్టుకున్నవారు లేరు.

ఈ రకం జ్ఞాపకానికి పేరు పెట్టినవారు మనస్తత్వ శాస్త్రవేత్తలు రోజర్ బ్రౌన్, జేమ్స్ కులిక్. కెమెరా ఫ్లాష్ వెలిగిన క్షణంలో ఎదురుగా ఉన్నదంతా ఫొటోలోకి ఎక్కినట్టే, దిగ్భ్రాంతి కలిగిన క్షణంలో చుట్టూ ఉన్నవన్నీ మనసులో ముద్రపడతాయన్న ఊహతో 1977లో వారు దానిని ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకం అన్నారు. వారు ప్రశ్నించిన 80 మందిలో సగం మంది తెల్లజాతివారు, సగం మంది నల్లజాతివారు. 1963లో జరిగిన జాన్ కెనడీ హత్య విషయంలో దాదాపు అందరికీ అలాంటి జ్ఞాపకం ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య దగ్గరికి వచ్చేసరికి నల్లజాతివారిలో 30 మందికి ఉండగా, తెల్లజాతివారిలో 13 మందికే ఉంది. జాతీయ విషాదం అని అందరం ఒకే పేరుతో పిలిచేది అందరి గుండెనూ ఒకేలా తాకదని ఈ అంకెలు చెబుతున్నాయి. ఆ అధ్యయనంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే.

మనసులో ఫొటో పడుతుందన్న భావనను గట్టిగా ప్రశ్నించిన మనస్తత్వ శాస్త్రవేత్త అల్రిక్ నైసర్ తన జ్ఞాపకంతోనే మొదలుపెట్టారు. 1941 డిసెంబరు 7న అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి జరిగినప్పుడు రేడియోలో బేస్‌బాల్ వ్యాఖ్యానం వింటున్నానని, మధ్యలో ప్రకటన రాగానే తల్లికి చెప్పడానికి మేడపైకి పరుగెత్తానని ఆయన ఏళ్ల తరబడి నమ్మారు. డిసెంబరులో బేస్‌బాల్ మ్యాచ్‌లు ఉండవని చాలాకాలం తర్వాత గాని ఆయనకు తట్టలేదు. ఆ రోజు బేస్‌బాల్ జట్ల పేర్లే ఉన్న రెండు ఫుట్‌బాల్ జట్ల మధ్య మ్యాచ్ ప్రసారమైందని ఆ తర్వాత ఇతర పరిశోధకులు చూపించారు.

1986 జనవరి 28న అమెరికాకు చెందిన చాలెంజర్ వ్యోమనౌక పేలి ఏడుగురు మరణించారు. మరునాటి ఉదయమే నైసర్, నికోల్ హార్ష్ కలిసి 106 మంది విద్యార్థుల చేత ఆ వార్త తమకెలా తెలిసిందో రాయించారు. సుమారు రెండున్నరేళ్ల తర్వాత వారిలో 44 మందిని మళ్లీ అడిగితే, పావు వంతు మంది చెప్పిన ముఖ్య వివరాల్లో ఒక్కటీ తొలి జవాబుతో సరిపోలలేదు. మతానికి సంబంధించిన తరగతిలో కూర్చుని ఉండగా ఇతరుల మాటల ద్వారా విన్నానని మొదట రాసిన ఒక విద్యార్థిని, తర్వాత హాస్టల్ గదిలో స్నేహితురాలితో టీవీ చూస్తుండగా తెలిసిందని చెప్పింది. తమ చేతిరాతను తామే చూసుకున్నా ఆ విద్యార్థులకు తొలి జ్ఞాపకం తిరిగి రాలేదు. అయినా వారిలో చాలామంది తమ జ్ఞాపకంపై గట్టి నమ్మకంతోనే మాట్లాడారు. ఇది అబద్ధం చెప్పడం కాదు, వారిని అలా చూడడం అన్యాయం.

2001 సెప్టెంబరు 11 దాడుల నాటికి పరిశోధకులు మరింత సిద్ధంగా ఉన్నారు. మరునాడే జెన్నిఫర్ టలారికో, డేవిడ్ రూబిన్ 54 మంది విద్యార్థుల చేత ఆ వార్త విన్న వైనంతో పాటు ఆ రోజుల్లోని ఒక మామూలు సంఘటనను కూడా రాయించారు. కాలం గడిచేకొద్దీ రెండు జ్ఞాపకాల్లోనూ పొరపాట్లు ఒకేలా పెరిగాయి, కానీ దాడుల జ్ఞాపకంపై నమ్మకం మాత్రం తగ్గలేదు. విలియం హర్స్ట్ బృందం మూడు వేల మందికి పైగా జవాబులు సేకరించి, పదేళ్ల పాటు మళ్లీ మళ్లీ అడిగింది. మరుపు ఎక్కువగా మొదటి ఏడాదిలోనే జరుగుతుందని, ఆ తర్వాత కథ ఒక రూపంలో స్థిరపడిపోతుందని తేలింది.

అలాగని ఈ జ్ఞాపకాలన్నీ నమ్మరానివని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. 1940లో జర్మనీ ఆక్రమణ, 1945లో విముక్తి చూసిన డెన్మార్క్ వృద్ధులను డోర్టె బెర్న్‌ట్సెన్, డోర్టె థామ్సెన్ ఆ రోజుల వాతావరణం గురించీ, అవి వారంలో ఏ రోజులన్న దాని గురించీ అడిగి, జవాబులను రికార్డులతో పోల్చి 2005లో ప్రచురించారు. అరవై ఏళ్ల తర్వాత కూడా చాలామంది సరిగ్గానే చెప్పారు. జర్మన్ ఆక్రమణను ఎదిరించిన ప్రతిఘటన ఉద్యమంతో సంబంధం ఉన్నవారి జ్ఞాపకాలు మిగిలినవారి కంటే స్పష్టంగా, కచ్చితంగా ఉన్నాయి.