నడుం సూది మీద నింద ఎప్పటిది?

కాన్పుకు పెద్దాపరేషనై (సిజేరియన్) పదేళ్లు దాటినా, నడుం పట్టేస్తే చాలు, "అప్పుడు సూదేసినారు కదా, అప్పట్నుంచే" అనే మాట శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటింటా వినిపిస్తుంది. కాన్పుకొచ్చిన అమ్మాయి కంటే పక్కనున్న తల్లికే నడుంలో వేసే ఆ మత్తు సూదంటే టెన్షన్. దానితో ఒక ఇబ్బంది ఉన్నమాట నిజమే. ఈ పద్ధతి పుట్టిన నెలలోనే అది బయటపడింది.

1898 ఆగస్టులో జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ బియర్ అనే సర్జన్ రోగి వెన్నులోకి కొకైన్ ఎక్కించి కాలికి ఆపరేషన్ చేశాడు. తర్వాత కొందరికి తలనొప్పి, వాంతులు పట్టుకోవడంతో తన మీదే పరీక్ష చేయించుకున్నాడు. సిరంజి సూదికి అమరక వెన్నునీరు కారిపోయింది. అప్పుడు అసిస్టెంట్ హిల్డెబ్రాంట్ సూది వేయించుకున్నాడు. ముంగాలి మీద ఇనుప సుత్తితో కొట్టినా, చుట్టతో కాల్చినా అతనికి నొప్పి తెలియలేదు. బియర్ మాత్రం తొమ్మిది రోజులు మంచం పట్టాడు. లేస్తే తల పగిలిపోయేది, పడుకుంటే తగ్గేది.

సూది చేసిన రంధ్రంలోంచి వెన్నునీరు కారితే వచ్చే తలనొప్పి అది. ఇప్పటి సన్నని, పెన్సిల్ మొనలాంటి సూదులతో బాగా తగ్గింది.

పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి నడుం పూస దగ్గరే ఆగిపోతుంది. సూది గుచ్చేది దానికి కింద, నరాల పోగులు నీటిలో తేలే చోట. బుపివకైన్ మందు ఆ నరాల్లో సోడియం వెళ్లే దారులు మూసేస్తుంది, నొప్పి కబురు మెదడుకు చేరదు. కాళ్లు వెచ్చబడతాయి, నొప్పి పోతుంది, చివరికి కదలిక ఆగుతుంది. కడుపులో ఎవరో లాగుతున్నట్టు తెలుస్తుంది, అంతే. బీపీ పడిపోవచ్చు కనుక మత్తు డాక్టర్ పక్కనే ఉంటారు. కొన్ని గంటల్లో స్పర్శ తిరిగొస్తుంది.

గుచ్చిన చోట కొన్నాళ్లు సలుపు ఉండొచ్చు. ఏళ్ల తరబడి నడుం నొప్పికి ఈ సూదే కారణమని పరిశోధనల్లో తేలలేదు. మామూలు కాన్పైనవాళ్లకీ ఆ నొప్పి వస్తుంది. గర్భం బరువు, వంగి పాలివ్వడం, నాట్లు, జీడి పని, ఇవన్నీ నడుం మీదే పడతాయి. నింద సూది మీద వేసి మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని మింగుతున్నారే, అదే నన్ను కలవరపెడుతుంది. ఇంతమంది కిడ్నీలు పాడైన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆ అలవాటు మరీ ప్రమాదం.

కూర్చుంటే వచ్చి పడుకుంటే తగ్గే తలనొప్పి ఉంటే, బాలింతకు మామూలేనని ఊరుకోకుండా మత్తు డాక్టర్‌కు చెప్పండి. ఎంతకీ తగ్గకపోతే ఆమె రక్తమే కొంచెం తీసి, నడుంలో ఎక్కించి ఆ రంధ్రం మూసే వైద్యం 1960 నుంచీ ఉంది.