థిక్‌నెస్ మిషన్: "బ్లేడు కనపడదు కదా" అన్న ధీమా (అపోహలు – వాస్తవాలు)

మా షాపులో పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకి రంపం మిషన్ అంటే భయం. గిర్రున తిరిగే పళ్లు కళ్లెదురుగా ఉంటాయి కాబట్టి ఎవరూ చెప్పకుండానే చెయ్యి దూరంగా పెడతారు. చెక్క ముఖాన్ని సాపు చేసే సర్ఫేస్ ప్లేనర్ దగ్గర కూడా ఒళ్లు దగ్గర పెట్టుకునే పనిచేస్తారు. చెక్కని ఒకే మందానికి చెక్కే థిక్‌నెస్ మిషన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కడలేని ధీమా వచ్చేస్తుంది. బ్లేడ్లు ఎక్కడో మూత కింద ఉంటాయి, చెక్క ఇటు అందిస్తే అదే లాక్కుని అటు వదులుతుంది, చెరుకు మిషన్‌లో గడ పెట్టినట్టే కదా అంటారు. చెరుకు మిషన్ ఎంతమంది వేళ్లు నలిపిందో రసం బండి వాళ్లని అడిగితే చెబుతారు.

నేను రాజమండ్రిలో ఇరవై రెండేళ్లుగా గుమ్మాలు, తలుపులు, మంచాలు చేస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు తగిలిన పెద్ద దెబ్బ ఒక్కటే. అది ఈ "ఏమీ చెయ్యని" మిషన్ దగ్గరే.

అపోహ: బ్లేడు చేతికి అందదు, కాబట్టి ప్రమాదం లేదు

ముందు లోపల ఏం జరుగుతోందో చూద్దాం. చెక్క లోపలికి వెళ్లే వైపు ఒక పళ్ల రోలరు ఉంటుంది, బయటికి వచ్చే వైపు ఒక నున్నటి రోలరు. ఆ రెండింటి మధ్య బ్లేడ్లు బిగించిన కట్టర్ బ్లాక్. చెక్క వెళ్లే దిశకి ఇది ఎదురు తిరుగుతుంది. అంటే బ్లేడు కొట్టే ప్రతి దెబ్బా చెక్కని మన మీదకే నెడుతుంది. రోలర్లు దాన్ని అదిమి పట్టుకున్నాయి కాబట్టి అది ముందుకు పోతోంది. ఆ పట్టు ఒక్క క్షణం జారితే ఏమవుతుందో లెక్క వేసుకోండి. డీవాల్ట్ డీడబ్ల్యూ735 లాంటి చిన్న పోర్టబుల్ మిషన్‌లోనే కట్టర్ బ్లాక్ నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతుంది. దానికి మూడు బ్లేడ్లు. నిమిషానికి 30,000 దెబ్బలన్నమాట.

నా విషయంలో జరిగింది ఇదే. కిటికీ రెక్కలకి పట్టీలు తీస్తున్నాను. సాయంత్రానికి పని అయిపోవాలని రెండేసి పట్టీలు పక్కపక్కన పెట్టి తోశాను. రెండూ ఒకే మందం అనుకున్నాను, కానీ ఒకటి గోరు మందం తక్కువ. మా మిషన్ రోలరు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే గొట్టం. అది మందంగా ఉన్న పట్టీ మీద కూర్చుంది, పల్చటి దాని మీద పట్టు లేదు. పల్చటి పట్టీ కొంచెం లోపలికి వెళ్లింది, బ్లేడు తగలగానే బాణంలా వెనక్కి వచ్చి నా పక్కటెముకల కింద గుచ్చుకుంది. ఎందుకు కదలట్లేదా అని వంగి చూస్తున్నాను అప్పుడు. ఇంకో జానెడు వంగి ఉంటే కన్ను పోయేది. తప్పు మిషన్‌ది కాదు, పూర్తిగా నాదే.

ఆ రోజు నుంచి మా షాపులో ఒక్కసారికి ఒక్క చెక్కే. రోలరు ముక్కలు ముక్కలుగా ఉండి, ఏ ముక్కకి ఆ ముక్క స్ప్రింగు మీద పనిచేసే మిషన్లు ఉన్నాయి. వాటి సంగతి వేరు, వాటికి కూడా పుస్తకంలో రాసిన హద్దు దాటకూడదు. చెక్క లోపలికి పట్టుకోగానే ఒక అడుగు పక్కకి జరిగి నిలబడాలి. చెక్క వెనకాల, దాని వరసలో ఎవరూ ఉండకూడదు. టీ తెచ్చే కుర్రాడైనా సరే.

చాలా మిషన్లలో పళ్ల రోలరుకి ముందు వరసగా ఇనప నాలుకల్లాంటివి వేలాడుతుంటాయి. చెక్క ముందుకు వెళ్తుంటే పైకి లేస్తాయి, వెనక్కి వస్తే కిందికి దిగి గుచ్చి ఆపేస్తాయి. కరెంటు తీసేశాక వాటిని ఒక్కొక్కటీ వేలితో ఎత్తి వదలండి. ప్రతిదీ తన బరువుకి తానే పడాలి. జిగురు కారే కలప కోశాక అవి అంటుకుపోతాయి, అప్పుడు ఉన్నా లేనట్టే. ఒకసారి పని మీద వెళ్లిన ఒక షాపులో వాటిని ఏకంగా తీగతో పైకి కట్టేసి ఉంచారు. ఎందుకయ్యా అంటే చెక్క మీద గీతలు పడుతున్నాయట! గీత పడితే కాగితంతో రుద్దుకోవచ్చు.

అపోహ: గ్లౌజులు వేసుకుంటే చేతికి రక్షణ

చెక్కలు మోసేటప్పుడు, బ్లేడ్లు మార్చేటప్పుడు వేసుకోండి, మంచిదే. మిషన్ తిరుగుతున్నప్పుడు మాత్రం వద్దు. పళ్ల రోలరు గ్లౌజు అంచుని పట్టుకుంటే చెయ్యి మొత్తం లోపలికి పోతుంది. రోలరు నెమ్మదిగానే తిరుగుతుంది, కానీ వదలదు. లుంగీ, మెడలో తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా, చేతికి కట్టుకున్న కాశీదారం, అన్నీ ఇదే లెక్కలోకి వస్తాయి. కార్తీక మాసంలో మా దగ్గర సగంమంది అయ్యప్ప మాలలో ఉంటారు. మాల తీయమని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. మాలని బనీను లోపలికి వేసుకుని పైన చొక్కా బొత్తాలు పూర్తిగా పెట్టుకోమంటాను. నల్ల కండువా మాత్రం మేకుకి తగిలించి రావలసిందే.

ఇంకో మాట. ఈ కట్టర్ బ్లాక్ వేలిని నరకదు, నమిలేస్తుంది. మళ్లీ అతికించడానికి డాక్టరుకి చాలాసార్లు ముక్క కూడా మిగలదు.

అపోహ: వంకర చెక్కని థిక్‌నెస్‌లో పెడితే సాపు అయిపోతుంది

కాదు. ఇది భద్రతకే కాదు, పనికి కూడా సంబంధించిన పెద్ద అపోహ. విల్లులా వంగిన పలకని రోలర్లు బెడ్డుకేసి (చెక్క కింద ఉండే బల్ల) అదిమి చదును చేస్తాయి. బ్లేడు పైన ఒక పొర తీస్తుంది. బయటికి రాగానే పలక మళ్లీ తన వంపుకి తాను వెళ్లిపోతుంది. మందం సమానంగా ఉంటుంది, వంపు అలాగే ఉంటుంది. థిక్‌నెస్ మిషన్‌కి తెలిసింది ఒక్కటే: కింది ముఖం ఎలా ఉంటే పై ముఖాన్ని దానికి సమాంతరంగా చెక్కడం. అందుకే ముందు సర్ఫేస్ ప్లేనర్ మీద ఒక ముఖం సాపు చేసుకుని, ఆ ముఖం కిందికి పెట్టి థిక్‌నెస్‌లోకి పంపాలి.

మెలిక తిరిగిన పలక ఇంకా ప్రమాదం. నులక మంచానికి ఒక కోడు పొట్టిదైతే ఎలా ఊగుతుందో అలా ఊగుతుంది లోపల. ఒక మూల రోలరు పట్టు దొరుకుతుంది, ఇంకో మూల దొరకదు. లోపల ఇరుక్కునేవి, వెనక్కి తన్నేవి ఎక్కువగా ఇలాంటివే. సర్ఫేస్ ప్లేనర్ లేకపోతే పలకని ఒక చదునైన ప్లైవుడ్ పలక మీద పెట్టి, ఊగే మూలల కింద సన్నటి చీలికలు దూర్చి, కదలకుండా అతికించి పంపొచ్చు. టైము పడుతుంది. చేత్తో చిత్రిక పట్టిన రోజుల్లో పట్టిన టైముతో పోలిస్తే ఇదేమీ కాదు.

అపోహ: ఒకేసారి ఎక్కువ తీస్తే టైము కలిసొస్తుంది

మిషన్ మీద లాగగలిగే గరిష్ఠ లోతు రాసి ఉంటుంది. అది సన్న చెక్కకి. వెడల్పు పెరిగేకొద్దీ తగ్గాలి. మకీటా 2012ఎన్‌బీకి సన్న చెక్క మీద 3 మిల్లీమీటర్లు, నిండు వెడల్పు చెక్క మీద 1.5 మిల్లీమీటర్లు. నేనైతే టేకుకి అర సూతు (సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు) దాటను. నల్లమద్దికీ తుమ్మకీ అందులో సగం. చివరి రెండు వరసలు కాగితం పొరంత.

లోతు ఎక్కువైతే మోటారు మూలుగుతుంది, బెల్టు జారుతుంది, చెక్క మధ్యలో ఆగుతుంది. ఆగిన చెక్కని వెనక నుంచి ఇంకో చెక్కతో గట్టిగా పొడిచేవాళ్లని చూశాను. అది వద్దు. ముందు స్విచ్ ఆపాలి, బ్లాక్ పూర్తిగా ఆగాలి, అప్పుడు బెడ్డు దించి చెక్క తియ్యాలి. తిరుగుతుండగానే బెడ్డు దించితే రోలరు పట్టు వదులుతుంది. బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. మిగతాది పైన చెప్పాను.

చెక్క వాటం (నారలు సాగే దిశ) కూడా చూసుకోవాలి. ఎదురు వాటంలో పెడితే బ్లేడు కొయ్యదు, పెచ్చులు లేపుతుంది. ముడి దగ్గర అయితే ముక్కే ఊడొస్తుంది. ఊడిన ముక్క ఎటు వెళ్తుందో దానికే తెలియదు, కాబట్టి కళ్లద్దాలు.

అపోహ: చిన్న ముక్కల్ని జాగ్రత్తగా తోస్తే ఏం కాదు

"ఏం కాదులే మేస్త్రీ" అనే మాట నేను ఎక్కువగా వినేది ఇక్కడే. చిన్న ముక్క మొదటి రోలరుని దాటిపోయి, రెండో రోలరుకి ఇంకా అందకపోతే, దాన్ని పట్టుకున్న వాళ్లెవరూ ఉండరు. కింద బెడ్డు, పైన బ్లేడు, అంతే. మీ మిషన్‌లో రెండు రోలర్ల మధ్య దూరం కొలిచి గోడ మీద రాసుకోండి. ముక్క దాని కంటే బాగా పొడుగుండాలి. చాలా మిషన్లకి అడుగు, అడుగుంపావు కంటే పొట్టిది పెట్టొద్దనే రాసి ఉంటుంది.

దారి సులువే. పొడుగు చెక్కనే మందం తీసి, తర్వాత ముక్కలు కోసుకోవాలి. ఇప్పటికే కోసేసి ఉంటే రెండు పక్కలా పొడుగు పట్టీలు అతికించి పంపి, అయ్యాక కోసేయొచ్చు. పట్టీలకి మేకులు మాత్రం కొట్టకండి. పావు అంగుళం కంటే పల్చటి చెక్క లోపలే పగిలిపోతుంది. దానికి కింద మోసే పలక ఒకటి కావాలి. అడ్డ వాటం ముక్కలు, ప్లైవుడ్, ఎండీఎఫ్ అసలు పెట్టొద్దు.

అపోహ: పదును తగ్గిన బ్లేడుతో ప్రమాదం తక్కువ

కత్తిపీటకి వర్తించేదే దీనికీ. మొద్దు బ్లేడు కొయ్యడం మానేసి కొట్టడం మొదలుపెడుతుంది, రోలర్ల మీద ఒత్తిడి పెరుగుతుంది, చెక్క నల్లగా మాడుతుంది. బ్లేడ్లన్నీ ఒకేసారి సాన పట్టించాలి, ఒకే కొలతకి రావాలి, లేకపోతే బ్లాక్ తూకం తప్పి మిషన్ వణుకుతుంది. బిగించేటప్పుడు బోల్టులన్నీ కొంచెం కొంచెంగా, మధ్య నుంచి చివరలకి. అన్నీ అయ్యాక మళ్లీ మొదటి నుంచి ఒకసారి చూడాలి. వదులైన ఒక్క బ్లేడు ఏం చేస్తుందో ఇక్కడ వర్ణించను.

అపోహ: పాత ఇంటి కలపలో కనపడే మేకులు పీకేస్తే చాలు

పాత మండువా ఇళ్లు కూల్చిన చోట మంచి టేకు దూలాలు దొరుకుతాయి. అలాంటి చేవ ఇప్పుడు డిపోల్లో దొరకదు, నాకూ వాటి మీద మోజే. కానీ తల తెగిపోయి లోపల ఉండిపోయిన మేకులు పైకి కనపడవు. టేకులో ఇనుము ఉన్నచోట చుట్టూ నల్లటి మరక దిగి ఉంటుంది, అది మొదటి గుర్తు. తర్వాత అయస్కాంతం, ఆ తర్వాత గోడలో వైర్లు వెతకడానికి ఎలక్ట్రీషియన్లు వాడే డిటెక్టరు. ఉక్కు బ్రష్‌తో సున్నం, సిమెంటు గీకేయాలి. బ్లేడు మేకుని తాకితే ఇనప ముక్క ఎగురుతుంది, నిప్పురవ్వ పొట్టు లాగే గొట్టంలోకి పోతుంది. ఎండిన పొట్టు నిండిన సంచి రాత్రి షాపు మూసేశాక రాజుకుంటే చూసేవాళ్లుండరు.

అపోహ: స్విచ్ ఆపితే మిషన్ ఆగినట్టే

ఆగదు. బరువైన బ్లాక్ కరెంటు పోయాక కూడా చాలాసేపు తిరుగుతుంది. చప్పుడు తగ్గుతుంది, అంతే. పొట్టు తీయడానికి చెయ్యి పెట్టేది సరిగ్గా అప్పుడే.

రెండోది మన కరెంటు. మిషన్ నడుస్తుండగా కరెంటు పోతుంది, అందరూ టీకి వెళ్తారు, ఎవడో ఇరుక్కున్న చెక్కని లాగుతుంటాడు, కరెంటు వస్తుంది. మామూలు మెయిన్ స్విచ్‌తో నడిపే మిషన్ దానంతట అదే మొదలైపోతుంది. స్టార్టరు ఉంటే అందులోని కాయిలు కరెంటు పోగానే వదిలేస్తుంది, మళ్లీ బటను నొక్కితే తప్ప తిరగదు. ఆ కాయిలు సరిగ్గా పట్టట్లేదని చీపురుపుల్ల దోపి నడిపేవాళ్లకి దండం పెట్టి బతిమాలుతున్నాను, కొత్త కాయిలు వేయించండి.

మూడోది త్రీఫేజ్. లైన్ పని జరిగాక, ప్యానెల్ మార్చాక వైర్లు తారుమారైతే మోటారు ఉల్టా తిరుగుతుంది. చెక్క పెట్టకుండా ఒక్క క్షణం వేసి ఆపి, పుల్లీ బాణం గుర్తు వైపే తిరుగుతోందా చూడండి.

బ్లేడు మార్చేటప్పుడు ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవడం మా షాపు అలవాటు. ఎంసీబీ దించి వదిలేస్తే ఇంకొకడు వచ్చి ఎత్తేస్తాడు. జేబులో ఫ్యూజు ఎత్తుకుపోడు.

అపోహ: వచ్చేది పొట్టే కదా, దుమ్ము కాదు. చప్పుడు అలవాటైపోతుంది

పొట్టుతో పాటు కంటికి ఆనని పొడి కూడా వస్తుంది. క్యాన్సర్ కారకాల్ని పరిశీలించే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ 1995లోనే కర్రపొడిని మొదటి వర్గంలో (మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైనవి) చేర్చింది, ముక్కులోపల వచ్చే క్యాన్సర్ల వల్ల. టేకు పొడికి కొందరికి ఒంటిమీద దద్దుర్లు వస్తాయి. ముక్కుకి తువ్వాలు చుట్టుకోవడం మాస్కు కాదు, పైగా ఆ తువ్వాలు రోలరుకి దగ్గరగా వేలాడుతుంది.

చప్పుడు అలవాటు కాదు, చెవి పోతుంది. అమెరికాలో పనివాళ్ల భద్రత మీద పరిశోధన చేసే సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి ఎనిమిది గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైము సగం అవుతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే. గట్టి కర్ర పడ్డప్పుడు ఈ మిషన్ ఆ దరిదాపుల్లోకి సులువుగా వెళ్తుంది. టీవీ సౌండు ఎందుకంత పెడతావని ఇంట్లో తిడుతుంటే నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఇప్పుడు నేనూ, నాతో పనిచేసేవాడూ ఇద్దరం చెవులకి మఫ్‌లు పెట్టుకుంటాం. దాంతో ఒకరి కేక ఒకరికి వినపడదు. అందుకని అటువైపు చెక్క అందుకునేవాడికి రెండే సైగలు నేర్పాను. అతను చెక్కని లాగకూడదు, బరువు మాత్రం మోయాలి. అరచెయ్యి పైకెత్తితే నేను ఆపేస్తాను, ఎందుకని అడగను. మిషన్ పూర్తిగా ఆగాక నేను చెయ్యి ఎత్తేదాకా అతను బెడ్డు మీద చెయ్యి వెయ్యడు.