ఆరు నుంచి తొంభై ఆరుకు: మన షేల్ గ్యాస్ లెక్క ఎలా పెరిగింది?

చమురు క్షేత్రాల చట్ట సవరణ బిల్లుకు 2025 మార్చి 12న లోక్‌సభ ఆమోదం తెలిపింది. రాజ్యసభ అంతకు ముందు డిసెంబరులోనే ఒప్పుకుంది. ‘ఖనిజ నూనెలు’ అనే నిర్వచనంలో షేల్ గ్యాస్, షేల్ చమురు స్పష్టంగా చేరాయి. షేల్ అనే బిగుతైన రాతి పొరల్లో చిక్కుకున్న వాటిని, నీటి ఒత్తిడితో రాతిని పగలగొట్టి బయటికి తీస్తారు. దాంతో రాతి పొరలు మందంగా పేరుకున్న కృష్ణా గోదావరి (కేజీ) బేసిన్ కింద అపార నిధి ఉందన్న మాటకు మళ్లీ ప్రాణం వచ్చింది. ఆ మాటకు ఆధారం ఏమిటన్నది ఇప్పుడు చూడవలసిన విషయం.

అమెరికాలో షేల్ గ్యాస్ ఎలా వెల్లువెత్తిందో పాఠకులకు తెలిసిందే. మన కథలో అసలు మలుపు 2012, 2013 సంవత్సరాల మధ్య ఉంది. రెండు అంచనాలు వచ్చాయి. రెండూ అమెరికా ప్రభుత్వ సంస్థలవే.

మొదటిది అమెరికా భూగర్భ సర్వే సంస్థది. షేల్ వనరుల అధ్యయనంలో సహకారానికి 2010 నవంబరులో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత 2012 ఆరంభంలో ఆ సంస్థ గుజరాత్‌లోని కేంబే, కృష్ణా గోదావరి, కావేరి బేసిన్లను అంచనా వేసింది. మూడింటిలో కలిపి సాంకేతికంగా వెలికి తీయగలిగిన షేల్ గ్యాస్ 6.1 లక్షల కోట్ల ఘనపుటడుగులని తేల్చింది. ఆనాటి దేశ వాడకం ప్రకారం అది సుమారు మూడేళ్ల అవసరం.

రెండోది అమెరికా ఇంధన సమాచార సంస్థ 2013 జూన్‌లో విడుదల చేసిన ప్రపంచ నివేదిక. అందులో దామోదర్ లోయ కూడా కలిసింది. మొత్తం 96 లక్షల కోట్ల ఘనపుటడుగులు. అందులో 57 లక్షల కోట్లు ఒక్క కేజీ బేసిన్‌వే. దాదాపు యాభై ఏళ్లకు సరిపోయే గ్యాస్, సగానికి పైగా మన డెల్టా ప్రాంతం కింద!

ఇదే సంస్థ 2011లో కేజీకి ఇచ్చిన లెక్క 27 లక్షల కోట్లు. రెండేళ్లలో అది రెట్టింపు దాటింది. ఆ రెండేళ్లలో కేజీలో షేల్ కోసమంటూ ఒక్క బావీ తవ్వలేదు. పొర ఎంత మేర పరచుకుంది, ఎంత మందం ఉంది, రాతిలో సేంద్రియ పదార్థం ఎంత అని గుణించి, రాతిలో ఉన్న గ్యాస్ 381 లక్షల కోట్లని తేల్చారు. అందులో 15 శాతం బయటికి వస్తుందని అనుకున్నారు. 57 వచ్చింది. ఆ 15 శాతం మన రాతిని పగలగొట్టి చూసి చెప్పినది కాదు. పైగా కేజీ పొరల్లో బంకమన్ను పాలు ఎక్కువని ఆ సంస్థే నమోదు చేసింది. బంకమన్ను ఎక్కువైన రాయి పెళుసుగా విరగదు. నీటి ఒత్తిడితో తెరిచిన పగుళ్లు తిరిగి మూసుకుంటాయి.

ఆ నివేదిక వచ్చిన నాలుగు నెలలకే, 2013 అక్టోబరులో, కేంద్రం షేల్ విధానం ప్రకటించింది. ప్రభుత్వ రంగ ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా తమకు గతంలో కేటాయించిన ప్రాంతాల్లో (బ్లాకుల్లో) అన్వేషించవచ్చని అనుమతించింది. చిన్న అంకెను పక్కన పెట్టి పెద్ద అంకె వెంట నడవడం అక్కడే మొదలైందని నా నిశ్చితాభిప్రాయం. ఓఎన్‌జీసీ తన వంతుగా ఐదు బేసిన్లకు 187.5 లక్షల కోట్లని చెప్పింది. అది రాతిలో ఉన్నదాని లెక్క, బయటికి వచ్చేదాని లెక్క కాదు. ప్రకటనల్లో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. చదివేవారికి తేడా తెలియదు.

ప్రభుత్వం, చమురు సంస్థల వాదన ఇది: దేశానికి కావలసిన గ్యాస్‌లో సుమారు సగం దిగుమతి అవుతోంది, చట్టం స్పష్టంగా ఉంటే పెట్టుబడి వస్తుంది, తవ్వితే తప్ప నిజం తెలియదు. తోసిపుచ్చదగిన వాదన కాదు. కానీ ఆ విధానం కింద తవ్వడం 2013 చివర గుజరాత్‌లోని జంబూసర్‌లో మొదలైంది. 2018 ఆగస్టులో ప్రైవేటు కాంట్రాక్టు బ్లాకులకూ అనుమతి విస్తరించింది. షేల్ గ్యాస్ వాణిజ్య ఉత్పత్తి మాత్రం దేశంలో ఎక్కడా మొదలు కాలేదు.

పోలండ్‌కు కూడా ఈ ఇంధన సమాచార సంస్థే 2011లో 187 లక్షల కోట్లు చూపింది. ఏడాది తిరగకుండానే ఆ దేశపు భూగర్భ సంస్థ అందులో పదో వంతు దగ్గర ఆగింది. ఎక్సాన్ మొబిల్ 2012లో, షెవ్రాన్ 2015లో తప్పుకున్నాయి.

కేజీ ప్రాంతానికి కూడా ఇలాంటి అనుభవం కొత్త కాదు. గుజరాత్ ప్రభుత్వ సంస్థ 2005లో ఇక్కడి సముద్రంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగులు దొరికాయని చాటింది. చివరికి ఆ క్షేత్రంలో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీకి అమ్ముకుంది.

షేల్ బావి మామూలు బావిలా ఏళ్ల తరబడి నిలకడగా ఇవ్వదు. దిగుబడి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. ఉత్పత్తి నిలబెట్టాలంటే కొత్త బావులు తవ్వుతూనే ఉండాలి. ఒక్కో బావికి కోటి లీటర్లకు పైగా నీళ్లు కావాలి. వేసవిలో కాలువలు కట్టేస్తే శివారు భూములకు, ఊరి చెరువులకు నీళ్లందని డెల్టా ఇది. అమెరికాలో చాలాచోట్ల భూమి కింది గ్యాస్ ఆ భూయజమానిదే కాబట్టి రాయల్టీ అతనికి దక్కుతుంది. ఇక్కడ అది ప్రభుత్వానిది. కొబ్బరి తోట యజమానికి దక్కేది భూమి పరిహారం, పక్క పొలం కౌలు రైతుకు అదీ లేదు. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ (అదుపు తప్పి గ్యాస్ ఎగజిమ్మిన బావి) రెండు నెలలకు పైగా మండడం, 2014లో నగరం గ్యాస్ పైపులైను పేలుడు ప్రాణాలు తీయడం చూసిన కోనసీమ ప్రజలు, బావి వల్ల ఎవరికి ఎంత వస్తుందని అడిగితే దాన్ని అభివృద్ధికి అడ్డుపడటంగా చూపడం అన్యాయం. వారికి 96తో పాటు 6.1 కూడా చెప్పాలి. ఇప్పటివరకు తవ్విన షేల్ బావుల ఫలితాలను గ్రామసభల ముందు తెలుగులో పెట్టాలి.