అరవై ఏడేళ్లకు కొత్త అక్షరాలు

నెల్లూరు మూలాపేటలో ఉండే మా అమ్మ తమిళం గలగలా మాట్లాడుతుంది, కానీ ఒక్క ముక్క చదవలేదు. చెన్నై వెళ్లినప్పుడల్లా బస్సు బోర్డు మీద ఏముందో ఎవరినో ఒకరిని అడగాల్సిందే. పోయిన ఏడు, 67 ఏళ్ల వయసులో, తమిళం ఒకటో తరగతి వాచకం తెప్పించుకుంది. మొదటి వారమే చిక్కొచ్చింది. తమిళంలో క, గ రెండిటికీ ఒకటే అక్షరం, ఎక్కడ ఏది పలకాలో మనమే పట్టుకోవాలి. "ఈ వయసులో నాకేం ఎక్కుతాదిరా!" అని పుస్తకం మూసేసింది. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ మళ్లీ తెరిచింది.

ఎక్కుతుంది. కొత్తది నేర్చుకునేటప్పుడు మెదడులో నాడీకణాలను కలిపే సినాప్సులు వాడేకొద్దీ బలపడతాయి, వాడకపోతే సన్నగిల్లుతాయి. ఈ మార్పునే న్యూరోప్లాస్టిసిటీ అంటారు. వయసుతో అది నెమ్మదిస్తుందే గానీ ఆగిపోదు. జర్మనీలో అరవై దాపుల్లో ఉన్నవాళ్లకు మూడు బంతులు ఎగరేసి పట్టడం మూడు నెలలు నేర్పించి మెదడు స్కాన్ తీశారు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలో కూడా నాడీకణాలుండే బూడిదరంగు పదార్థం పెరిగింది. సాధన మానేశాక ఆ పెరుగుదల తగ్గిపోయింది. అందుకే అమ్మను రోజూ ఒక పేజీ అయినా చదవమంటాను.

హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం నాకు చాలా ఇష్టం. రెండు భాషలు వచ్చినవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. బడి మొహం చూడనివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. కారణం భాషేనని ఈ ఒక్కదానితో తేల్చలేం గానీ, ఇంట్లో ఒక భాష, బజార్లో ఇంకో భాష మాట్లాడే మనవాళ్లకు ఇది మంచి కబురే.

మనం బొత్తిగా పట్టించుకోనిది చెవులను. డిమెన్షియా ముప్పును పెంచే వాటిలో, మన చేతిలో ఉన్నవి 14 అని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది. బీపీ, షుగర్, ఒంటరితనంతో పాటు వినికిడి లోపమూ అందులో ఉంది. మాట సరిగ్గా వినపడకపోతే దాన్ని పోల్చుకోవడానికే మెదడు అలిసిపోతుంది, మనిషి నలుగురిలోకి రావడం తగ్గించేస్తాడు. మా నాన్న భోజనాల దగ్గర మాట్లాడటం మానేస్తే మతిమరుపు మొదలైందని మాకు ఒకటే టెన్షన్. తీరా పరీక్ష చేయిస్తే చెవులు. మిషన్ పెట్టించడానికి రెండేళ్లు ఆలస్యం చేశామని ఇప్పటికీ బాధపడతాను.

మొన్న వరండాలో అమ్మ చెన్నైలోని ఒక పేట పేరును కూడబలుక్కుంటూ "కిం...డి" అని చదివింది. లోపల పేపరు చూసుకుంటున్న నాన్న అక్కణ్నుంచే అన్నాడు: "కిండి కాదే, గిండి!"