బానెట్ కింద మెరుపు, చేతిలో కొత్త ఫోను: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. ఆదివారం షెడ్డు ముందు నాలుగు కార్లు ఆగాయంటే నాలుగు బానెట్లూ లేస్తాయి. ఇంజిన్ దగ్గర మొదలైన మాట కొత్త ఫోను మీదకి ఎప్పుడు మళ్లుతుందో తెలీదు. ఒకరు ఒడియాలో అడుగుతారు, ఇంకొకరు తెలుగులో జవాబిస్తారు, సాలూరు లారీ డ్రైవరు ఎవరైనా టీ తాగుతూ ఇద్దరినీ కొట్టిపారేస్తాడు. వినడానికి సరదాగానే ఉంటుంది గానీ, ఆ మాటల్లో తిరిగే నమ్మకాలు కొన్ని బండి మీదకి తెస్తాయి, కొన్ని జేబుకి చిల్లు పెడతాయి.

అపోహ: ఇంజిన్‌ని ప్రెషర్ గన్‌తో కడిగితేనే శుభ్రం

"వానలో తిరగట్లేదేటన్నా, ఆ నీళ్లకి లేని భయం ఈ నీళ్లకా?" అంటారు. వానలో ఇంజిన్ మీద పడేది చాలావరకు కింద నుంచి ఎగిరే తుంపర. కప్లర్లలో, అంటే వైర్లని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గుల్లో, ఉండే రబ్బరు సీలు దాన్ని ఆపుతుంది. గన్ను దగ్గరగా పెట్టి కొడితే నీళ్లు ఆ సీలుని తోసుకుని లోపలికి పోతాయి. పోయాక అదే సీలు వాటిని బయటికి రానివ్వదు. పెట్రోలు బండైతే స్పార్క్ ప్లగ్ గుంటల్లో నీళ్లు నిలిచి, ప్లగ్గుకి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ అడుగుకి తడి చేరి ఇంజిన్ మిస్ కొడుతుంది. ఇక ఆల్టర్నేటర్‌కి (బ్యాటరీని ఛార్జ్ చేసేది ఇదే) గాలి ఆడడం కోసం చుట్టూ కంతలే ఉంటాయి, నీళ్లు నేరుగా లోపలికే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, బ్యాటరీ నెగెటివ్ తీసి, గాలి పీల్చే మూతి, ఆల్టర్నేటర్, ఫ్యూజు బాక్సు పాలిథిన్‌తో కప్పి, షాంపూ నీళ్లు, బ్రష్షు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. తర్వాత బ్లోయర్ గాలి కొట్టి, కాసేపు ఎండలో బానెట్ ఎత్తి ఉంచాలి. మా వైపు రోడ్ల మీద మురికి అంటే ఎర్రదుమ్ము, ఎండుటాకులే. ఆకులు ముందు అద్దం కిందున్న జాలీలోకి దిగి నీళ్లు పోయే దారి మూసేస్తాయి. వానాకాలంలో కాళ్ల దగ్గర మ్యాట్ తడుస్తోందని వచ్చే బండ్లలో నేను ముందు చూసేది అక్కడే. మెరిసే ఇంజిన్ కవరు కంటే ఆ జాలీ శుభ్రం ముఖ్యం.

డీజిల్ స్ప్రే కొట్టించేవాళ్లు ఇంకా ఉన్నారు. కొట్టిన రోజు నల్లగా నిగనిగలాడుతుంది, నిజమే. కానీ కూలెంట్ హోస్ పైపుల రబ్బరు డీజిల్, కిరోసిన్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఆ జిడ్డుకి దుమ్ము రెట్టింపు అంటుకుంటుంది. వేడి సైలెన్సర్ పైపు పక్కన మండే నూనె చల్లడం ఏం తెలివో నాకైతే అర్థం కాదు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకి ఇంకో మాట. ఇంజిన్ అద్దంలా మెరుస్తుంటే నాకు ముందు అనుమానమే వస్తుంది. ఆయిల్ ఎక్కడ కారుతోందో చెప్పే మరకలు కూడా ఆ కడుగుడులో పోయి ఉంటాయి. దూరం తిప్పించి మళ్లీ చూడండి.

అపోహ: వైర్లన్నీ బిగించి కట్టి టేపు చుడితే నీట్‌గా ఉన్నట్టే

బయట షాపుల్లో వేయించిన ఫిట్టింగ్ విప్పుతున్నప్పుడు ఇది రోజూ కనిపించే సంగతి. నల్ల ఇన్సులేషన్ టేపు ఇంజిన్ వేడికి జిగురు కక్కి, చేతికి తారులా అంటుకుంటుంది. చుట్టు విప్పుతూ పోతే అడుగున చేత్తో మెలిపెట్టిన జాయింటు. రాగి తీగ పచ్చగా చిలుముపట్టి, పైన తొడుగు బాగానే కనిపిస్తున్నా లోపల వేలెడు దూరం నల్లబడి ఉంటుంది. ఫాగ్ లైటు ఒకటి మిణుకుమిణుకుమంటోందని వచ్చిన బండిలో తప్పు బల్బుది కాదు, ఆ వేలెడు తీగది.

కంపెనీ వేసిన హార్నెస్ (వైర్ల కట్ట) మీద చూడండి, చాలా చోట్ల గుడ్డ టేపు, గీతల ప్లాస్టిక్ పైపు ఉంటాయి. మనం వేసేదీ అలాగే ఉండాలి. జాయింటు సరైన క్రింపుతోనో (నొక్కి బిగించే లోహపు తొడుగు) సోల్డరుతోనో చేసి, పైన వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవు వేయాలి. బిగింపు గురించి కూడా చెప్పాలి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, స్టార్ట్ చేసినప్పుడు, గేరు మారినప్పుడు ఊగుతుంది. బాడీ నుంచి ఇంజిన్‌కి వెళ్లే వైరుకి ఆ ఊపు సరిపడా వదులు ఇవ్వకపోతే ఘాట్‌లో తిరిగిన బండికి కప్లర్ మొదట్లోనే తెగుతుంది. కేబుల్ టై బ్రేకు పైపుకి, పెట్రోలు పైపుకి ఎప్పుడూ కట్టకండి. కత్తిరించిన కొన పదునుగా వదలకండి, రేపు చెయ్యి పెట్టేది మాలాంటివాళ్లమే.

బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పూత పడితే వంటసోడా కలిపిన నీళ్లతో కడగండి. పెట్రోలియం జెల్లీ పూసేది క్లాంపు బిగించాక, పైపైన. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, పెట్టేటప్పుడు నెగెటివ్ ఆఖర్న.

అపోహ: బల్బు మారిస్తే చాలు, వైరింగ్ ఎందుకు?

రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్లే 326వ జాతీయ రహదారి మీద రాత్రి నడిపితే ఎవరికైనా ఎక్కువ వెలుతురు కావాలనిపిస్తుంది. కానీ లెక్క చూడండి. 60 వాట్ల బల్బులు రెండు 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగుతాయి. 100 వాట్లవి రెండు పెడితే దాదాపు 17. వైరు మాత్రం పాతదే, స్విచ్చూ పాతదే. ముందు హోల్డర్ పసుపురంగుకి తిరుగుతుంది, తర్వాత కరుగుతుంది. అదనపు లైట్లు ఏవైనా సరే రిలే మీదే నడవాలి (స్విచ్చు నుంచి చిన్న కరెంటు అందుకుని, లైట్ల పెద్ద కరెంటుని వేరే వైరులో కలిపేది ఇది), బ్యాటరీ నుంచి జానెడు లోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు దూరంగా పెడితే మధ్యలో వైరు రాసుకుని షార్ట్ అయినప్పుడు కాపాడేది ఏదీ ఉండదు.

ఇక ఫోన్లు

నీళ్లు, దుమ్ము ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ రేటింగు 68 అని పెట్టె మీద ఉంటే ఫోను ట్యాప్ కింద కడగొచ్చు అనుకుంటారు. ఐపీ67 అంటే మీటరు లోతు మంచినీళ్లలో 30 నిమిషాలు. 68 అంటే అంతకంటే కఠినంగా, కంపెనీ చెప్పిన లోతులో. రెండిట్లోనూ నీళ్లు కదలకుండా ఉంటాయి. షాంపూ నీళ్లు, గన్ను ధార ఆ పరీక్షలో లేవు. సీలు పాతబడుతుంది కూడా. పైన కప్లర్ గురించి చెప్పిందే ఇక్కడా.

మెగాపిక్సెళ్ల సంగతి తొందరగా తేల్చేస్తాను. 200 మెగాపిక్సెళ్ల కెమెరా మామూలుగా 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫోటోనే ఇస్తుంది. ఇంజిన్ సందులో రిలే మీది నంబరు దగ్గరగా ఫోకస్ అవుతుందా లేదా అని షాపులోనే చూసుకోండి. నాకైతే అదే అసలు పరీక్ష.

"నెట్ లేకపోతే జీపీఎస్ ఉండదు" అన్నది కూడా నిజం కాదు. స్థానం చెప్పేది ఉపగ్రహాలు, నెట్ కావాల్సింది మ్యాప్ తెరుచుకోవడానికి. ఘాట్ ఎక్కేముందే ఆ ప్రాంతం మ్యాప్ దించుకుంటే సిగ్నల్ పోయినా బాణం కదులుతూనే ఉంటుంది. నెట్ లేనప్పుడు మొదటిసారి స్థానం పట్టడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే.

67 వాట్ల ఛార్జింగ్ ఉన్న ఫోను కొని కారు యూఎస్‌బీలో పెట్టి "ఎక్కట్లేదు" అని వైరింగ్ చూడమంటారు. పాత కార్లలో చాలా పోర్టులు 5 వోల్టులు, అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు మాత్రమే ఇస్తాయి. మ్యాప్ నడుస్తూ స్క్రీన్ వెలుగుతుంటే వచ్చేదానికంటే పోయేదే ఎక్కువ. సిగరెట్ లైటర్ సాకెట్‌లో మంచి ఛార్జరు, మీ ఫోనుకి తగిన కేబులు పెట్టండి. డ్యాష్‌బోర్డు మీద ఎండ పడే చోట ఉంచితే మాత్రం ఏ ఛార్జరూ పనిచేయదు, ఫోను వేడెక్కి తనే ఛార్జింగ్ తగ్గించుకుంటుంది. మే నెలలో ఏసీ గాలి తగిలే హోల్డరే మేలు. బైకు హ్యాండిల్‌కి బిగించేవాళ్లు ఇది కూడా గుర్తుపెట్టుకోండి: పెద్ద ఇంజిన్ల అదురుకి కెమెరా దెబ్బతినొచ్చని యాపిలే 2021లో హెచ్చరించింది.

అపోహ: యాప్‌తో చెక్ ఇంజిన్ లైటు ఆర్పేస్తే రిపేరైనట్టే

బండి తప్పుల కోడ్లు చదివే ఓబీడీ పోర్టులో చిన్న అడాప్టర్ పెట్టి ఫోన్లో కోడ్ చూడడం మంచిదే, నేనూ చూస్తాను. కానీ పీ0301 అంటే 1వ సిలిండర్ మిస్ కొడుతోందని మాత్రమే. ప్లగ్గా, కాయిలా, మొన్న కడిగిన నీళ్లా అన్నది అది చెప్పదు. చెరిపేస్తే లైటుతోపాటు తప్పు జరిగినప్పటి వేగం, వేడి వంటి వివరాలూ పోతాయి, తర్వాత వెతికేవాడికి ఆధారం మిగలదు. ముందు స్క్రీన్‌షాట్ తీయండి. ఐఫోన్ కొనేవాళ్లు అడాప్టర్ కూడా చూసి కొనాలి, చవక బ్లూటూత్ రకాలు చాలావరకు ఆండ్రాయిడ్‌తోనే కలుస్తాయి. తాళం తీసేసినా ఓబీడీ పోర్టుకి కరెంటు వస్తూనే ఉంటుంది కాబట్టి, వారం రోజులు ఊరెళ్తూ బండి వదిలేటప్పుడు అడాప్టర్ పీకేయండి.