చల్లార్చే వేగంలోనే ఉంది కిటుకు

ఉక్కు ఫ్యాక్టరీలో ఇనుప ఖనిజాన్ని కరిగిస్తే అడుగున ఇనుము చేరుతుంది, దాని మీద తెట్టులా చిట్టెం తేలుతుంది. ఇంజనీర్లు స్లాగ్ అనేది దీన్నే. సుమారు 1500 డిగ్రీల వేడిలో ఉన్న ఈ ద్రవాన్ని గుంటలోకి వంపేసి దాని మానాన దాన్ని ఆరనిస్తే రాయిలా గడ్డకడుతుంది. పగలగొట్టి రోడ్డు కింద కంకరగా వేసుకోవచ్చు, అంతకుమించి పెద్దగా పనికిరాదు. అదే ద్రవం కాలువలో పారుతుండగానే జోరుగా నీళ్లు కొట్టారనుకోండి, గుప్పున ఆవిరి లేచి, క్షణాల్లో ముతక ఇసుకలాంటి పలుకులుగా విడిపోతుంది. ఆ పలుకుల్ని ఆరబెట్టి మెత్తగా పొడి చేస్తే సిమెంటులో సగం వరకూ, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా కూడా, దాని బదులు వాడుకోవచ్చు. పదార్థం ఒకటే. ఏ మూలకం ఎంతుందో లెక్క తీస్తే రెండింటికీ అవే అంకెలు వస్తాయి.

"చెత్తతో ఇల్లు" లాంటి వార్త కనబడినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఫ్యాక్టరీ బయట ఏది కుప్పగా పడి ఉంటే అది కాంక్రీటులో కలిపేయొచ్చన్నట్టు రాస్తారు. అలా కుదరదు.

మెల్లగా చల్లారితే అణువులకు సర్దుకునే టైం దొరుకుతుంది, స్ఫటికాలుగా వరసలు కట్టి కూర్చుంటాయి, ఇక నీళ్లు పోసినా ఉలకవు పలకవు. ఒక్కసారిగా చల్లారిస్తే కుర్చీలాటలో కుర్చీ దొరకని పిల్లల్లా ఎక్కడివక్కడ ఆగిపోతాయి. గాజు అంటే అదే. ఆ కుదురులేని అణువులే సున్నం లాంటి క్షారం తగలగానే విడివడి, నీటితో కలిసి, సిమెంటులో పుట్టేలాంటి బంకగానే గట్టిపడతాయి. జర్మనీలో ఎమిల్ లాంగెన్ 1862లోనే ఈ గుణాన్ని గుర్తించాడు.

బొగ్గు కరెంటు కేంద్రాల నుంచి వచ్చే ఫ్లై యాష్‌దీ ఇదే కథ. బొగ్గులో కలిసున్న మట్టి మంటలో కరిగి, పొగతో పాటు ఎగిరిపోతూ గాల్లోనే గబగబా చల్లబడుతుంది. మైక్రోస్కోపు కింద పెడితే బూడిదలా ఉండదు, గాజు గోలీల రాశిలా ఉంటుంది, వాటిలో కొన్ని బోలుగా ఉండి నీళ్ల మీద తేలతాయి కూడా. సిమెంటు గట్టిపడేటప్పుడు మిగిలిపోయే బలంలేని సున్నాన్ని ఈ గోలీల్లోని సిలికా పట్టుకుని బంకగా మారుస్తుంది. ఇటలీలో పొజ్జువోలి దగ్గరి అగ్నిపర్వతపు బూడిదతో రోమన్లు చేసింది ఇదే.

ఇంత తంటా ఎందుకంటే, సిమెంటు కోసం 100 కిలోల సున్నపురాయి కాలిస్తే దాదాపు 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఆ రాయిలోంచే బయటికొస్తుంది. బట్టీని సోలార్ కరెంటుతో నడిపినా ఇది మాత్రం ఆగదు. తగ్గాలంటే సిమెంటునే తక్కువ వాడాలి.

ఇబ్బందులు లేవని కాదు. స్లాగ్, ఫ్లై యాష్ కలిపి కట్టింది నెమ్మదిగా బలపడుతుంది, సెంట్రింగ్ తొందరగా ఊడదీయాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు. కానీ భారీ డ్యాముల్లో ఈ నిదానమే వరం, లోపల వేడి తక్కువ పుట్టి పగుళ్లు తగ్గుతాయి. 1953లో పూర్తయిన అమెరికాలోని హంగ్రీ హార్స్ డ్యాములో ఫ్లై యాష్ వాడారు. ఇంకో తమాషా, స్లాగ్ కాంక్రీటు చెక్కలు తీయగానే ఆకుపచ్చా నీలం కాని రంగులో కనబడొచ్చు. చూసి టెన్షన్ పడక్కర్లేదు, స్లాగ్‌లోని గంధకం వల్ల వచ్చిన రంగది, గాలి తగిలేకొద్దీ పోతుంది.

అసలు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. ఇనుమును ఉక్కుగా మార్చేటప్పుడు వచ్చే స్లాగ్‌లో కలవని సున్నం మిగిలి ఉంటుంది, అది తర్వాతెప్పుడో తేమ పీల్చి ఉబ్బి కట్టడాన్ని చీలుస్తుంది. ఎరువుల ఫ్యాక్టరీల్లో మిగిలే ఫాస్ఫోజిప్సం అనే వ్యర్థంలో రేడియోధార్మికత ఉన్న రేడియం ఉండొచ్చు, అలాంటిదాన్ని గోడల్లో పెట్టే ముందు కొలిచి చూడాల్సిందే. అల్యూమినియం పరిశ్రమలో మిగిలే ఎర్ర బురద ఎంత ఘాటైన క్షారమంటే, 2010లో హంగేరీలోని అయ్‌కా దగ్గర కట్ట తెగి ఊళ్లమీద పడినప్పుడు పదిమంది చనిపోయారు, ఎందరికో ఒళ్లు కాలింది.

ఇప్పుడు ఇంకో చిక్కొచ్చింది. మంచి వ్యర్థానికే కొరత! బ్రిటన్ 2024లో తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసింది, కొత్త బూడిద ఇక అక్కడ పుట్టదు. అందుకే దశాబ్దాల కిందట చెరువుల్లో పారబోసిన బూడిదను తవ్వి, ఆరబెట్టి, జల్లెడపట్టి, అవసరమైతే మళ్లీ పొడి చేసి వాడే పని కొన్నిచోట్ల మొదలైంది. అన్నేళ్లు నీళ్లలో నానినా ఆ గోలీల్లో చాలావరకూ ఇంకా గాజే.